ఆ డైరీని ఒకసారి చూపించి వెళ్లండి

ఈ ఏడు హకీంపేట క్రీడా పాఠశాల నుంచి ఇంటర్ పూర్తిచేసి వెళ్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా అభినందనలు.

1993లో మొదలైన బడి ఇది. నాలుగో తరగతిలో చేర్చుకునేటప్పుడు మీ ఎత్తు, బరువు చూశారు. నిల్చున్నచోటి నుంచి దూకించారు, మెడిసిన్ బాల్ విసిరించారు, 800 మీటర్లు పరుగెత్తించారు. మీకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. చేరిన తొలి రాత్రి హాస్టల్ మంచం మీద ఎలా గడిచిందో నాకు తెలుసు. నేనూ క్రీడా హాస్టల్లో పెరిగినదాన్నే. తెల్లవారుజామున విజిల్, మంచుకు తడిసిన గ్రౌండు, సాయంత్రం స్టడీ అవర్‌లో కళ్ల ముందు అలుక్కుపోయే అక్షరాలు. పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోయిన రోజులు ఎన్నో.

ఆటలో నెగ్గకపోతే చదువు ఆదుకుంటుందని మీకు అందరూ చెప్పి ఉంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఆటకే చదువు కావాలి.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, పోటీకి రెండు రోజుల ముందు తొడ కండరం పట్టేసింది. ఇంజెక్షన్ చీటీ చేతికిచ్చారు. ఇంగ్లీషులో ఉంది. అక్షరాలు కూడబలుక్కున్నాను గానీ అర్థం కాలేదు. అడగడానికి మొహమాటం. సూది పొడిపించుకుని ట్రాక్ ఎక్కాను. నొప్పి తెలియలేదు కాబట్టి ఆగలేదు. వంపు దాటగానే కండరం చిరిగింది. రెండు సీజన్లు మంచానికీ ఫిజియోథెరపీకీ పోయాయి. ఇదెందుకు అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు.

మందు గురించి తెలియకపోతే గాయం ఒక్కటే కాదు ప్రమాదం. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించిన మందుల జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. దగ్గు మందైనా, బలానికని కొన్న పొడి డబ్బా అయినా, ఒంట్లోకి వెళ్లినదానికి జవాబుదారీ ఆటగాడే. తెలియక తాగానంటే సరిపోదు. ఆ డబ్బా మీద లేబుల్ చదవడం కెమిస్ట్రీ పాఠమే.

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, తెలంగాణ సంక్షేమ గురుకులంలో చదివిన అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచింది. రెండు రోజులు, ఏడు అంశాలు, 5712 పాయింట్లు. ఆఖరిది 800 మీటర్లు. పాయింట్ల తేడాను సెకన్లలోకి మార్చుకుని, ఎవరికన్నా ఎంత ముందు చేరాలో తెలుసుకుని దిగాల్సిన పరుగు అది. లెక్కలంటే భయపడేవాళ్లు ఆ ఆట ఆడలేరు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీట్ నుంచి అర్ధరాత్రి రైలు దిగిన పిల్లకు తెల్లారి యూనిట్ టెస్ట్ పెట్టకండి. రెండు రోజులాగి పెట్టండి, కానీ తప్పకుండా పెట్టండి.

పతకం రాని పిల్లలు కూడా ఈ వరసల్లో ఉన్నారు. ఏళ్ల తరబడి ఏ రోజు ఎంత పరుగెత్తారో, ఏ వారం ఎక్కడ నొప్పి చేసిందో మీ ప్రాక్టీస్ డైరీలో రాసుకున్నారు. అంత జాగ్రత్తగా తమ శరీరాన్ని చదివినవాళ్లు బయట చాలా తక్కువ.

వెనక కూర్చున్న నాలుగో తరగతి పిల్లలను చూడండి, వాళ్లకింకా ఇంటి బెంగ తీరలేదు. పెట్టె సర్దుకునే ముందు ఒక గంట వాళ్ల దగ్గర కూర్చుని, ఆ డైరీ తెరిచి మీ మొదటి నెల పేజీలు చూపించి వెళ్లండి.