చిత్రకారుడి బల్లమీద పాలపిట్ట
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చచ్చిన పిట్టల బొమ్మల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కాస్త వెనకాడారు. దసరా ముందు అశుభమేమోనని వారి సందేహం. అయ్యా, మన ఆదికావ్యం పుట్టిందే చచ్చిన పిట్ట దగ్గర. బోయవాడి బాణానికి జంటలోని మగ క్రౌంచం కూలింది, ఆడపక్షి విలపించింది, వాల్మీకి నోట శ్లోకం వెలువడింది. ఇది మీకందరికీ తెలిసిన కథే. మీలో చాలామంది చూసి ఉండని ఒక బొమ్మ సంగతి చెబుతాను.

జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ (1471–1528) అనే చిత్రకారుడుండేవాడు. కంసాలి కొడుకు, మొదట తండ్రి దగ్గర ఆ పనే నేర్చాడు. ఆయన ఒక పిట్ట రెక్కను పలుచని తోలుమీద నీటిరంగులతో వేశాడు. బొమ్మమీద 1512 అని ఉంది. పొడవు, వెడల్పు జానెడు చొప్పున ఉంటాయి, అంతే. నీలం, ఆకుపచ్చ, గోధుమరంగు ఈకలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుంటాయి. వెనుక చెట్టు లేదు, ఆకాశం లేదు. అదే జాతి పిట్ట చనిపోయి ఉన్న బొమ్మ మరొకటి వేశాడు. రెండూ వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియంలో ఉన్నాయి.

ఆ పిట్ట ఏమిటనుకున్నారు? మన పాలపిట్టకు దాయాది! యూరపులో ఉండే జాతి. పుస్తకంలో ఆ నీలం చూస్తే మనకు పరాయిదనిపించదు. డ్యూరర్ ఆ బొమ్మలో ఏ నీతీ చెప్పలేదు. ఒక్కొక్క ఈకనూ ఓపికగా చూశాడు. నా మటుకు నాకు, ఆ చూపులోనే జాలి ఉందనిపిస్తుంది.

తరువాతి శతాబ్దంలో హాలండులో యాన్ వీనిక్స్ వంటివారు వేటాడి తెచ్చిన పిట్టలను, కుందేళ్లను కుప్పగా వేసిన పెద్ద పెద్ద బొమ్మలు గీశారు. వేట అక్కడ ప్రధానంగా ప్రభువుల హక్కు. డబ్బున్న వర్తకులు వేటకు బదులు బొమ్మ కొని గోడకు తగిలించుకునేవారు. వేరొకరి కారు పక్కన నిలబడి ఫోటో దిగడం లాంటిదన్నమాట! ఇవి నాకంతగా రుచించవు.

అమెరికా చిత్రకారుడు ఆడుబాన్ 1827–38 మధ్య ప్రచురించిన 435 పటాల్లో పక్షులు నిలువెత్తున, ప్రాణమున్నట్టే కనిపిస్తాయి. అయితే ఆయన వాటిని తుపాకితో కొట్టి, తీగలు గుచ్చి నిలబెట్టి గీశాడు. ఆ రోజుల్లో ఎగిరే పిట్టను పట్టే కెమెరా లేదు కనుక ఆయన్ను మరీ తప్పుపట్టలేం.

మరి మనకేం అవసరమొచ్చింది? పాలపిట్ట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్రపక్షి, నేడు తెలంగాణకు రాష్ట్రపక్షి. దసరానాడు దాన్ని చూస్తే శుభమని మన నమ్మకం. ఊరి బయటకు, పొలాలవైపు వెళ్లి చూసేవాళ్లం. పట్నాల్లో అంత దూరం వెళ్లే తీరిక లేక, పంజరంలో గుమ్మం ముందుకు తెచ్చినవాడికి డబ్బిచ్చి చూస్తున్నాం. పట్టేటప్పుడు కాళ్లు, రెక్కలు కట్టేస్తారు, తిండి సరిగా పెట్టరు. వదిలిపెట్టినా ఎన్నో ఎగరలేక చనిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడమూ నేరమే.

ఈ దసరాకు పంజరం మీ గుమ్మం ముందుకొస్తే డబ్బివ్వకండి. అటవీశాఖవారికి ఫోను చేయండి. పిట్టను చూడాలని మనుమలు మారాం చేస్తే ఉదయం పూట పొలాలవైపు తీసుకెళ్లండి, కరెంటు తీగమీద కనబడుతుంది. మోకాళ్లు సహకరించనివారికి డ్యూరర్ బొమ్మ ప్రతి ఒకటి తెచ్చాను, టీ సమయంలో చూడవచ్చు. సెలవు.