ఎనుబది రూపాయల అప్పు

పంచాయతీ సభ్యులారా,

పరిశ్రమకు ధనమే ప్రధానమని పలువురు తలంతురు. ధనము అవసరమే, కాని దానిని నిలుపునది మనిషి నడవడి యని మేము మనవి చేయుచున్నాము.

1959 మార్చి 15వ తేదీన బొంబాయిలోని గిర్గాం ప్రాంతమున శ్రీమతి జశ్వంతీబెన్ పోపట్, మరి ఆరుగురు గృహిణులు కలిసి, అప్పు తెచ్చిన 80 రూపాయలతో మేడపై అప్పడములు ఒత్తసాగిరి. ఆనాడు తయారైనవి 4 పొట్లములే. నష్టము వచ్చినను విరాళము స్వీకరింపరాదని వారు నియమము పెట్టుకొనిరి. వానకాలమున ఎండ లేక 4 మాసములు పని నిలిచినది. వారు నిరుత్సాహపడలేదు. మరుసటి ఏడు ఒక మంచమును, పొయ్యిని కొని, మంచముపై అప్పడములు పరచి, క్రింద పొయ్యి వెలిగించి ఆరబెట్టిరి. తొలి ఏటి అమ్మకము 6,196 రూపాయలు. అదియే నేటి లిజ్జత్ పాపడ్ సంస్థ. అందు వేలకొలది స్త్రీలు భాగస్వాములు. శ్రీమతి పోపట్‌కు 2021లో పద్మశ్రీ లభించినది.

మీ గ్రామమున అప్పునకై సిఫారసు కోరి వచ్చువారిని ఆస్తి యెంత యని మాత్రమే అడుగకుడు. లెక్క వ్రాయు అలవాటు కలదా, చెప్పిన నాటికి చెప్పిన సరుకు ఇత్తురా, ఆటంకము కలిగినపుడు ఉపాయము వెదకుదురా యని విచారింపుడు. ఈ గుణములు గల పేదవానిని రిక్తహస్తములతో పంపినచో నష్టపడునది గ్రామమే.