సమ్మిశ్ర మంత్రివర్గము
(శ్రీశైలమున గావించిన యుపన్యాసము)

1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారి యాత్మార్పణము మనల నొక్కటి గావించెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మవతరించెను. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రిగను, నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రిగను సమ్మిశ్ర మంత్రివర్గ మేర్పడెను. 1954 నవంబరులో మద్యనిషేధ విషయమై యొక్క వోటు తేడాతో నది కూలెను.

ఉద్యమమునకు కోరిక యొక్కటి చాలును. మంత్రివర్గమునకు ముందుగా కుదిరిన షరతులు కావలెను. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక వ్రాతలో నున్నందుననే సీమకు నాడు రాజధాని దక్కెను. 1956లో నదియు హైదరాబాదునకు తరలెను. కాపుకాయని వ్రాత యంతియే.

ఈ కొండ క్రింద కృష్ణ పారుచున్నది. సీమ చేలు వాన కెదురుచూచుచున్నవి. పక్షములు కలియుచో ముందు నీటి షరతు వ్రాయవలెను, పిమ్మట పదవులు పంచుకొనవలెను. నోటిమాటపై సెంటు పొలమైన కొనని మనము, రాజ్యమును నోటిమాటపై నప్పగింపవచ్చునా?