ఓడకి పటం, పటానికి కొలత



చీపురుపల్లిలో రైలు కూత వినబడుతుంది గాని కెరటాల హోరు వినబడదు. సముద్రం చూడాలంటే చింతపల్లి ఒడ్డుకో, భీమిలికో పోవాలి. అలాంటి ఊళ్లో ఓడ గురించి ఉపన్యాసం ఏటని మీలో కొందరు అనుకోవచ్చు. ఈ ఉపన్యాసం ఓడ గురించే. దానితోపాటు కొలతల గురించి, కాగితం గురించి కూడా. కొలతా, కాగితమూ చీపురుపల్లిలోనూ అందరికీ కావలసినవే.

ముందు కథ వినండి.

అది 1804వ సంవత్సరం, సెప్టెంబరు 15. విశాఖపట్నంలో అప్పటికి ఇప్పటి హార్బరు లేదు. అది 1933లో వచ్చింది. పెద్ద ఓడలు ఒడ్డుకి దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకుని మసూలా పడవల మీద అటూ ఇటూ చేరవేసేవారు. ఆ రోజు అక్కడ మూడు ఇంగ్లీషు ఓడలు ఆగి ఉన్నాయి. రెండు వర్తకపు ఓడలు. మూడోది వాటికి కాపలాగా వచ్చిన యుద్ధనౌక. దాని పేరు సెంచూరియన్.

అప్పట్లో ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ యుద్ధం. ఒడ్డు మనది, పోరు వాళ్లది. మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు విశాఖ మీదికి వచ్చాయి. వాటి నాయకుడు లినోవా. అతని ఓడ మరెంగోకి 74 ఫిరంగులు. సెంచూరియన్‌కి 50. పైగా సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. పోరు మొదలయ్యాక ఓడ చేరుకున్నాడు. వర్తకపు ఓడల్లో ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చి విరిగిపోయింది. రెండోది ఫ్రెంచివారికి చిక్కింది. సెంచూరియన్ తెరచాపలు, తాళ్లు చితికిపోయాయి. అయినా ఓడ లొంగలేదు, మునగలేదు. చివరికి ఫ్రెంచివారే వెళ్లిపోయారు.

ఇప్పుడు ఒక మాట అనుకుందాం. చీపురుపల్లిలో ఒక వడ్రంగి ఉన్నాడు. ఈ కథ విన్నాడు. ఆ ఓడ బొమ్మని కర్రతో చేసి బడిపిల్లలకి చూపించాలని అతనికి ఆశ పుట్టింది. చెయ్యి తిరిగినవాడే. మంచాలు, తలుపులు, బండిచక్రాలు చేసినవాడు. కాని ఓడని ఎన్నడూ చూడలేదు. ఆ ఓడ ఇప్పుడు లేదు కూడా. కెనడాలోని హాలిఫాక్స్ రేవులో 1824లో మునిగిపోయింది. మరి ఎలా చేస్తాడు?

“పుస్తకంలో బొమ్మ ఉంది కదేటి, దాన్ని చూసి చేసెయ్” అంటుంది అతని భార్య.

“బొమ్మలో ఒక పక్కే అవుపిస్తాది. అడుగు ఎలాగుందో, లోపల ఎంత వెడల్పో బొమ్మ చెప్పదు గదా” అంటాడు అతను.

ఆ మాట నిజం. బొమ్మ వేరు, పటం వేరు. ఓడ కట్టేవారు మూడు పటాలు గీస్తారు. మొదటిది పక్క నుంచి చూసినట్టుంటుంది. అందులో పొడవు, ఎత్తు తెలుస్తాయి. రెండోది పై నుంచి చూసినట్టుంటుంది. అందులో వెడల్పు తెలుస్తుంది. మూడోది అడ్డకోత పటం. ఆనపకాయని చక్రాలుగా కోస్తే ఏ ముక్కకి ఆ ముక్క గుండ్రం వేరుగా ఉంటుంది. ముచ్చిక దగ్గర సన్నం, నడుమ లావు. ఓడని కూడా అలా కోసినట్టు ఊహించి, ఒక్కో చోట ఒంపు ఎంతో గీస్తారు. ఈ మూడూ ఉంటే ఓడని కంటితో చూడనివాడు కూడా దాని ఒంపు పట్టుకోగలడు.

ఆ కాలపు ఇంగ్లీషు యుద్ధనౌకల పటాలు వేలకొద్దీ ఇంకా ఉన్నాయి. లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉన్న సముద్ర మ్యూజియం వాటిని భద్రం చేసింది. వాటిలో చాలా పటాలకి ఒకటే కొలత. ఓడలో ఒక అడుగు, పటంలో పావు అంగుళం. అంటే 48వ వంతు. మన పొలాల సర్వే పటం కూడా ఇలాంటిదే. ఎకరాల నేల చిన్న కాగితం మీద పట్టేది ఈ లెక్కతోనే. వంతు మారుతుంది గాని పద్ధతి ఒకటే.

సెంచూరియన్ ఫిరంగుల అంతస్తు పొడవు సుమారు 146 అడుగులు. అడుగుకి పావు అంగుళం చొప్పున 36న్నర అంగుళాలు. అంటే మూడడుగులకి అర అంగుళం ఎక్కువ. వెడల్పు సుమారు 40 అడుగులు. బొమ్మలో అది 10 అంగుళాలు. ఆరడుగుల మనిషిని ఓడ మీద నిలబెట్టాలంటే అతని ఎత్తు అంగుళంన్నర. తాడు కూడా 48వ వంతు సన్నం కావాలి. బావికి వేసే చేంతాడు ఆ బొమ్మ మీద వేస్తే ఏనుగు కాలంత కనిపిస్తుంది.

సామానుకి దూరం పోనక్కరలేదు. చిన్న చిన్న చెక్కడాలకి అంకుడు కర్ర బాగుంటుంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది దానితోనే. సన్నని తాళ్లకి గోగునార పీచు పేనుకోవచ్చు. మన గోగునారకి విదేశాల్లో భీమిలి పేరే ఉంది. కర్ర, నార మన దగ్గరే ఉన్నాయి. వెతకవలసింది పటాన్ని.

వెతకడంలోనే ఒక చిక్కు వస్తుంది. సెంచూరియన్ పేరుతో అంతకు ముందు ఇంకొక యుద్ధనౌక ఉండేది. దాన్ని 1732లో నీటిలోకి దించారు. అందులోనే ఆన్సన్ అనే నాయకుడు 1740 నుంచి 1744 వరకు ప్రపంచం చుట్టి వచ్చాడు. ఆ ఓడకి పేరు ఎక్కువ. 1747లో చేసిన దాని బొమ్మ గ్రీనిచ్‌లో ఉంది. 1769లో ఆ ఓడని విప్పేశారు. విశాఖలో పోరాడిన సెంచూరియన్ 1774లో నీటిలోకి దిగింది. పేరు చూసి తొందరపడితే పాత ఓడ పటం పట్టుకుని, విశాఖకి ఎన్నడూ రాని ఓడని చేస్తాం.

ఓటర్ల జాబితాలో ఒకే పేరువాళ్లు ఇద్దరుంటే ఏం చేస్తాం? తండ్రి పేరు చూస్తాం, వయసు చూస్తాం. ఓడకీ అంతే. కట్టిన సంవత్సరం చూడాలి, ఫిరంగుల లెక్క చూడాలి. పాతదానికి 60, దీనికి 50. దీన్ని కట్టినప్పటి లెక్క ప్రకారం కింది అంతస్తులో 22, పై అంతస్తులో 22, ఆపైన చిన్నవి 6. కూడితే సరిపోయింది. కింది ఫిరంగిలో వేసే గుండు బరువు దాదాపు 11 కిలోలు.

ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి. కట్టిన నాటికీ విశాఖ పోరుకీ 30 ఏళ్ల తేడా. ఇల్లు కట్టి 30 ఏళ్లయితే ఒక గోడ తీస్తాం, ఒక వసారా దించుతాం. ఓడలోనూ మార్పులు జరుగుతాయి. కాబట్టి పటం ఒక్కటే చూస్తే చాలదు. పోరు గురించి ఆనాడు రాసిన కాగితాలు కూడా చూడాలి.

పటం పోతే ఎంత నష్టమో చెప్పే కథ ఇంకొకటి ఉంది. బొంబాయిలో ట్రింకోమలీ అనే యుద్ధనౌక కట్టాలని ఇంగ్లండు నిర్ణయించింది. పటాలని జావా అనే ఓడలో పంపింది. 1812 డిసెంబరులో ఆ ఓడని అమెరికావారు ఓడించి కాల్చేశారు. పటాలు కూడా పోయాయి. ఇంకొక నకలు పంపవలసి వచ్చింది. బొంబాయిలో వాడియా కుటుంబపు మేస్త్రీ జంషెట్జీ బొమన్జీ, మలబారు టేకుతో ఆ ఓడని కట్టించాడు. 1817లో నీటిలోకి దించారు. ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఆ ఓడ నేటికీ నీటి మీదే ఉంది. ఇంగ్లండులో నకలు ఉండబట్టి పని జరిగింది. ఇందుకే పట్టాకైనా, పాస్‌పుస్తకానికైనా ఒక జిరాక్సు వేరే చోట దాచుకోవాలంటారు.

మరి మన పడవల మాట ఏమిటి? గోదావరి నోట కోరంగిలో ఒకప్పుడు ఓడలు కట్టేవారు. 1839 తుపాను ఆ ఊరిని ముంచేసింది. మసూలా పడవకి మేకు ఉండదు. పలకలని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. కెరటం కొట్టినా విరగకుండా వంగుతుంది. ఈ విద్య తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చింది. కాగితం మీదికి రావడం అరుదు. పారిస్ అనే ఫ్రెంచి నావికుడు 1830ల్లో మన తీరపు పడవలని కూడా కొలిచి పటాలు గీశాడు. అవి 1840ల్లో పుస్తకంగా అచ్చయ్యాయి. మన తాతలు కట్టిన పడవ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఇప్పుడు ఆ పుస్తకం తెరవాలి.

ఆనాడు పడవ కట్టినవారికి తెలివి తక్కువై కాదు. చదువు వారి గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు మీ చేతిలో పెన్సిలుంది. మీ ఊళ్లో ఎడ్లబండి చేసే వడ్రంగి ఉంటే, ఆయన పని చేసేటప్పుడు టేపు పట్టుకుని దగ్గర కూర్చోండి. చక్రం అడ్డం ఎంత? ఆకులెన్ని? ఇరుసు పొడవెంత? ఏ కర్ర? అన్నీ నోటుబుక్కులో రాయండి. పక్క నుంచి ఒక పటం, పై నుంచి ఒక పటం గీయండి. కింద ఊరి పేరు, ఆ మేస్త్రీ పేరు, తేదీ వెయ్యండి. రేపు మీ మనవడు బండి ఎలా ఉండేదని అడిగితే ఇంకొక దేశానికి పోయి వెతకనక్కరలేదు.

చెప్పుకోండి చూద్దాం:

1. పావు అంగుళానికి ఒక అడుగు లెక్కన 24 అడుగుల పడవ బొమ్మ పొడవెంత?
2. రెండు సెంచూరియన్ ఓడలకీ తేడా ఎలా పట్టాలి?
3. మీ ఊళ్లో కొలిచి రాసి పెట్టవలసిన పనిముట్లు ఏవి?