షుగర్ రిజిస్టరు: రానివారి కోసం



షుగర్ జబ్బుకు ఏం తినాలో, ఏం మానాలో మీరు చాలాసార్లు విన్నారు గనుక ఆ జోలికి పోము. మేము చెప్పదలచినది ఒక రిజిస్టరు సంగతి.

భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో తేల్చినది, దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10 కోట్ల మంది అని. 2010 నుండి జాతీయ కార్యక్రమమున్నది, సర్కారు దవాఖానలో మాత్రలు ఉచితం. మరి లోటెక్కడ?

దవాఖాన ఓ.పి. పుస్తకం తేదీల వరుసన రాస్తారు. ఈరోజు ఎవరొచ్చారో అది చెబుతుంది, మూడు నెలలుగా ఎవరు రాలేదో చెప్పదు. ఈ జబ్బులో ప్రమాదమంతా ఆ రానివారికే. నొప్పి లేదు, జ్వరం లేదు, "తగ్గిందిలే" అని మాత్ర మానేస్తారు. చూపు మసకబారినాకనో, కాలిపుండు మానకపోతేనో మళ్ళీ గడప తొక్కుతారు. మన కందుకూరులోనైతే శ్రీశైలం రోడ్డున బస్సెక్కి నగరంలో ఒక డాక్టరును, ఇక్కడొకరిని చూపించుకుని, చీటీలన్నీ ప్లాస్టిక్ సంచిలో మోసేవారే ఎక్కువ.

ఉపాయం చిన్నదే. మనిషికొక కార్డు: షుగరెంత, బి.పి. ఎంత, ఏ మందు, మళ్ళీ ఎప్పుడు రావాలి. కార్డులు నెలవారీ అరల్లో ఉంటాయి. వచ్చినవారి కార్డు వచ్చే నెల అరలోకి పోతుంది. నెలాఖరున ఈ అరలో మిగిలినవారే రానివారు. వారింటికి ఆశా కార్యకర్త పోవాలి. 2017లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో రోగికొక కార్డు పద్ధతినే నడిపారు, దానిని మొదట చేపట్టిన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. స్వీడన్ దేశం 1996 నుండి షుగర్ రోగులకు జాతీయ రిజిస్టరు నడుపుతున్నది.

నర్సమ్మలను తప్పుపట్టలేము, వారి బల్లపై ఇప్పటికే బోలెడు రిజిస్టర్లు, పైన ఫోనులో ఎక్కించే పని. కొత్తదొకటి పెడితే పాతదొకటి తీసివేయాలని మేము గట్టిగా అంటాము.

రంజానుకు నెలన్నర ముందే ఇన్సులిన్ వాడేవారెవరో డాక్టరుగారికి కార్డులు చూస్తే తెలుస్తుంది, ఉపవాసానికి ముందే పిలిచి మోతాదు మార్చవచ్చును.

ఒక జాగ్రత్త. పెళ్ళికావలసిన పిల్లకు షుగరని బజారున పడితే ఏమగునో చెప్పనక్కరలేదు. కనుక ఆ పేర్లు దవాఖాన దాటరాదు, మన సంఘంవారి చేతికి సైతం రారాదు. మన పని చీటీల సంచితో జనాన్ని అక్కడికి తీసుకుపోవడమే. ఫోను నంబరు మారితే, ఊరు మారితే ఆ సంగతి కార్డులో రాయించండి.