పద్నాలుగు బియ్యం బస్తాలు, కట్టని కరెంటు బిల్లు

ఈ రోజు ఎపిసోడ్ మన ఏరియా గురించే. మేడ్చల్, శామీర్‌పేట, తూంకుంట చుట్టుపక్కల ఎన్నో వృద్ధాశ్రమాలు, పిల్లల హోమ్స్ ఉన్నాయి కదా, వాటికి డబ్బు ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? అది మాట్లాడుకుందాం.

ముందు నా సంగతి. చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. రెండేళ్ల కింద నా బర్త్‌డేకి ఫ్రెండ్స్‌తో కలిసి శామీర్‌పేట వైపు ఒక వృద్ధాశ్రమానికి వెళ్లాను. బియ్యం బస్తా, కేకు, ఫోటోలు, వాట్సాప్ స్టేటస్. మీలో చాలామంది చేసే ఉంటారు. బస్తా లోపల పెడదామని స్టోర్ రూమ్ తలుపు తీస్తే అప్పటికే పద్నాలుగు బస్తాలున్నాయి. కొన్నింటికి పురుగు కూడా పట్టింది. వంట చేసే ఆయమ్మ మెల్లగా అంది: "బియ్యం మస్తుగున్నయ్ బిడ్డా. కరెంటు బిల్లు రెండు నెలల సంది కట్టలే. రాత్రి ముసలోళ్లను చూసుకునేటామె జీతం రాక పని మానేసింది."

కరెంటు బిల్లు పట్టుకుని ఎవరు ఫోటో దిగుతారు చెప్పండి? అద్దె, జీతాలు, డైపర్లు, బీపీ మాత్రలు, ఇవి ఎవరి బర్త్‌డేకీ గుర్తురావు. పండక్కి అందరూ వస్తారు, జూన్, జూలైలో ఎవరూ రారు. ఇవ్వాలన్న మనసు లేక కాదు, ఎవరు ఏం ఇస్తున్నారో చూసే మనిషి మధ్యలో లేక.

ఆ మధ్యలో ఉండాల్సిందే కమ్యూనిటీ ఫౌండేషన్. పేరు పెద్దగా ఉంది గానీ పని సింపుల్. ఒక ఊరి, ఒక ఏరియా జనం చిన్న చిన్న మొత్తాలు ఒకచోట వేస్తారు. అక్కడివాళ్లే కమిటీగా కూర్చుని, ఏ సంస్థకి ఏ నెలలో ఏది అవసరమో కనుక్కుని ఇస్తారు. మొదటిది 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టింది, పెట్టినాయన ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకర్. మన దేశంలో బాంబే కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్ట్ 1991లో వచ్చింది.

"పెద్ద కంపెనీ ఓనర్ ఒకాయన ఇస్తే సరిపోదా? ఇంతమంది ఎందుకు?" అంటారేమో. దానికి ఉదాహరణ మన పక్కనే ఉంది. 108 అంబులెన్స్ సంస్థ క్యాంపస్ ఎక్కడో తెలుసా? మన దేవరయాంజాల్‌లో. రోజూ దాని ముందు నుంచి బైక్ మీద వెళ్తూ కూడా నాకు చాలాకాలం తెలీదు. సత్యం రామలింగరాజు కుటుంబం డబ్బుతో మొదలై, 2005 ఆగస్టు 15న సర్వీసు రోడ్డెక్కింది. 2009 జనవరి 7న ఆయన కంపెనీ లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ లెటర్ రాశారు. ఒక్క రోజులో కథ తలకిందులు. 108 మాత్రం ఆగలేదు. ఎందుకంటే అప్పటికే నిర్వహణ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం ఇస్తోంది, ఆ ఏడాదే జీవీకే గ్రూప్ ముందుకొచ్చింది. అంత పెద్ద సర్వీసు కాబట్టి ఎవరో ఒకరు పట్టుకున్నారు. ముప్పై మంది ఉన్న చిన్న ఆశ్రమానికి ఉన్న ఒక్క దాత చెయ్యి వదిలేస్తే? పేపర్లో కూడా రాదు.

లెక్క చూడండి. రెండు వందల మంది నెలకి మూడు వందలు వేస్తే అరవై వేలు. అందులో పది మంది మానేసినా యాభై ఏడు వేలు ఉంటాయి, నైట్ డ్యూటీ ఆమె జీతం ఆగదు. ఒక్కడే అరవై వేలు ఇచ్చి మానేస్తే మాత్రం సున్నా.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలీదు. జీనోమ్ వ్యాలీ మన శామీర్‌పేట దగ్గరే కదా, మేడ్చల్ నిండా ఫ్యాక్టరీలే. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభంలో రెండు శాతం సీఎస్ఆర్‌కి ఖర్చు పెట్టాలి, తాము పనిచేసే ఏరియాకి ప్రాధాన్యం ఇవ్వాలి. మరి పక్క ఆశ్రమానికి ఎందుకు రాదు? పేపర్లు. 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం, కంపెనీ సొంత ట్రస్టు కాకపోతే మూడేళ్ల పని రికార్డు. వంట చేసే ఆయమ్మే అకౌంట్స్ కూడా చూసేచోట ఇవన్నీ ఎవరు చేస్తారు? మంచి ఫౌండేషన్ చెక్కు ఇవ్వడం కంటే ముందు ఒక అకౌంటెంట్‌ని పంపిస్తుంది. నా దృష్టిలో అదే అసలైన దానం.

అమెరికాలో ఉన్న అన్నయ్య పంపిస్తాడు అనుకునేవాళ్లు ఇది వినండి. అన్నయ్యది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే అయితే, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే వస్తుంది, అప్పుడు సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ అనుమతి కావాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బును ఇంకో సంస్థకి ఇవ్వడం కూడా కుదరదు. అంటే ఫౌండేషన్ మధ్యలో ఉండి పంచడం ఆ డబ్బుతో కాదు, ఇక్కడి మన డబ్బుతోనే.

ఇచ్చేముందు అడగడానికి మొహమాటపడకండి. దర్పణ్ పోర్టల్‌లో పేరు ఉందా? పోయిన ఏడాది ఆడిట్ రిపోర్ట్ చూపిస్తారా? రసీదు ఇస్తారా? రెండు వేలు దాటి క్యాష్ ఇస్తే 80జీ మినహాయింపు రాదు, యూపీఐ చేయండి. కొత్త ట్యాక్స్ విధానంలో ఉంటే ఆ మినహాయింపు ఎలాగూ లేదు, అది వేరే సంగతి.

మా సంగతి చెప్పి ఆపేస్తా. మాది ఫౌండేషన్ కాదు, పది మంది ఫ్రెండ్స్ ఒక వాట్సాప్ గ్రూప్. ఆ రోజు తర్వాత నైట్ డ్యూటీకి మళ్లీ ఒకామెని పెట్టించి, జీతం మేమే వేసుకుంటున్నాం. ఇప్పటికి ఇద్దరు తప్పుకున్నారు, ఒకడికి జాబ్ పోయింది, ఇంకొకడు ఫోన్ ఎత్తడం లేదు. ఈ నెల రెండు వేల నాలుగు వందలు తక్కువ పడింది. ఆమెకి ఐదో తారీఖున జీతం ఇవ్వాలి. నేను ఇది రికార్డ్ చేస్తున్నది మూడో తారీఖు సాయంత్రం.