బాల్కనీలో సోలార్ కరెంటు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జర్మనీలో పిల్లలున్న మన సభ్యులు కొందరు ఈ మధ్య ఒకే మాట అడుగుతున్నారు. అక్కడ బాల్కనీ రెయిలింగుకు సోలార్ పలక కట్టి, దాని వైరును గోడ ప్లగ్గులో పెడితే బిల్లు తగ్గుతోందట, మనమూ పెట్టుకోవచ్చా అని.

మాట నిజమే. పలకలో పుట్టిన కరెంటును చిన్న ఇన్వర్టరు మార్చి ఇంటి వైరింగులోకి పంపుతుంది. ఫ్యాను, ఫ్రిజ్జు ముందు దాన్ని వాడుకుంటాయి, చాలనిది మీటరు ద్వారా వస్తుంది. ఉద్యోగం చేసే రోజుల్లో పగలు మన ఇళ్లలో ఫ్యాను తిరిగేది తక్కువ. ఇప్పుడు పగలంతా తిరగవలసిందే గనుక ఇటువంటి కరెంటు మనబోటివారికే ఎక్కువ ఉపయోగం.

అక్కడ 2024 మేలో ఇన్వర్టరు పరిమితిని 800 వాట్లకు పెంచారు. అదే ఏడాది అక్టోబరులో, అద్దెకున్నవారు పెట్టుకుంటామంటే ఇంటి యజమాని తగిన కారణం లేకుండా కాదనరాదని చట్టం చేశారు. 2025 మధ్యకు నమోదైనవి 10 లక్షలు దాటాయి.

అయితే ఎండలో తేడా ఉంది. అక్కడ సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు, ఏటవాలుగా ఉంటాడు. అందుచేత నిలువు పలకకు ఎండ బాగా తగులుతుంది. హైదరాబాదులో మే రెండో వారం మొదలు జూలై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి ఒరిగి ఉంటాడు. దక్షిణపు బాల్కనీ పలకకు ఆ వేళ నేరుగా ఎండే తగలదు! అదే డాబా మీద కాస్త వాలుగా పెడితే కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తుంది.

ఇంకొకటి చాలామందికి తెలియదు. లైను కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి షాకు తగలకూడదు కదా, అందుకని అలా తయారు చేస్తారు. ఇంట్లో ఆక్సిజన్ మిషను మీదున్న పెద్దలుంటే, ఇది వచ్చింది గదా అని బ్యాటరీ ఇన్వర్టరు తీసేయకండి. అనుమతి, నెట్ మీటరు లేకుండా పిల్లలు తెచ్చిన పరికరం ప్లగ్గులో పెట్టనూ వద్దు. బయటికి పోయిన కరెంటును కూడా మనం వాడినట్టే లెక్కకట్టే మీటర్లున్నాయి.

2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. అపార్టుమెంటు సంఘాలకు లిఫ్టు, మోటారు వంటి ఉమ్మడి అవసరాల నిమిత్తం కిలోవాటుకు 18,000. ఇవి డాబా మీద హక్కున్నవారికి. అద్దె ఇళ్లలో ఉన్న పెన్షనర్ల సంగతి ఏమిటి? జర్మనీలో ఇచ్చినటువంటి వెసులుబాటు మన వాతావరణానికి తగినట్టు ఇక్కడా కల్పించమని విద్యుత్ నియంత్రణ మండలికి మన సంఘం విజ్ఞాపన పంపాలని ప్రతిపాదిస్తున్నాను. చిత్తుప్రతి రాసి కార్యదర్శిగారికి ఇచ్చాను. సభ్యులు చూసి, మార్పులుంటే మార్జినులో రాయగోరుతాను.